తీర్పు రాకముందే శిక్ష

"తప్పు చేయకపోతే పోలీసులు ఎందుకు పట్టుకెళ్తారు?"

ఈ మాట సంతకు వచ్చే షావుకారు అంటే పట్టించుకోనక్కర్లేదు. కానీ మన స్టాఫ్ రూముల్లో, మన ఆశ్రమ పాఠశాలల వరండాల్లో, టీటీసీలు, బీఎడ్లు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న మనవాళ్లే అంటున్నారు. ఊళ్లో ఒకడిని జీపు ఎక్కించుకుపోయారని తెలిసిన మర్నాటి నుంచే ఆ ఇంటి వైపు వెళ్లడం మానేస్తున్నారు. వాడి పిల్లలు బడికి రాకపోతే ఎందుకు రాలేదని అడగడం లేదు. చదువుకున్నవాళ్లు ఏమంటే ఊరంతా అదే అంటుంది. అందుకే ముందు ఈ మాట సంగతి తేల్చుకుందాం.

పోలీసులు పట్టుకోవడం వేరు. తప్పు చేయడం వేరు. తప్పు చేశాడని కోర్టు తేల్చడం వేరు. ఈ మూడూ ఒకటే అయితే ఇక కోర్టులెందుకు, స్టేషన్ల దగ్గరే శిక్షలు వేసేయవచ్చు కదా? ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా చెప్పలేదు. మన దేశంలో జైలు శిక్ష పడినవాళ్లు ఉండే చోటుగా లేదు. శిక్ష పడుతుందో లేదో తెలియక ఎదురుచూసేవాళ్ల చోటు అయిపోయింది.

జైలుకు పోయినవాళ్లంతా నేరస్థులే అనుకుంటే మన చరిత్రలో ఎవరు మిగులుతారు? 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడిన మన్యం వీరుల గురించి పిల్లలకు పాఠం చెబుతాం. రాజవొమ్మంగి స్టేషన్లో బంధించి ఉన్న వీరయ్యదొరను వాళ్లు విడిపించుకుపోయారు. తెల్లదొరల కాగితాల్లో వాళ్లందరూ నేరస్థులే. గాం మల్లుదొరను అండమాన్ పంపారు. ఆ మల్లుదొరే 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికై పార్లమెంటులో కూర్చున్నారు. ఒక మనిషికి సర్కారు పెట్టిన పేరు, ఆ మనిషి అసలు రూపం ఒకటే కానక్కర్లేదని మనకన్నా బాగా ఎవరికి తెలియాలి? ఎరుకల వాళ్లను అడగండి. తెల్లదొరల చట్టంతో పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి, స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర పోయిందా?

ఇది పాత కథ అనుకుంటే ఈ మధ్యది చూడండి. చింతూరు దాటి కోంట వైపు వెళ్తే సుక్మా జిల్లా. అక్కడివాళ్లలో మనకు చుట్టాలున్నారు, మన మాట మాట్లాడేవాళ్లున్నారు. 2017 ఏప్రిల్ 24న ఆ జిల్లాలోని బుర్కాపాల్ దగ్గర జరిగిన దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసీలను పట్టుకుపోయారు. ఉపా చట్టం పెట్టారు. బెయిలు రాలేదు. 2022 జూలైలో దంతెవాడలోని ఎన్ఐఏ కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. వాళ్లు ఆ దాడిలో ఉన్నారని చూపించే సాక్ష్యమే లేదు. ఐదేళ్లు! ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదో తరగతి పూర్తి చేసేంత కాలం. ఆ ఐదేళ్లు పొలం ఎవరు దున్నారు, ఎన్ని ఎడ్లు అమ్ముకున్నారు, ఎందరు పిల్లలు బడి మానేశారు అన్న లెక్క ఏ తీర్పులోనూ రాలేదు.

"మరి చనిపోయిన జవాన్ల మాటేమిటి?" అని అడుగుతారు. అడగాల్సిందే. ఆ 25 మందికీ తల్లులున్నారు, పిల్లలున్నారు. కానీ సంబంధం లేని 121 మందిని ఐదేళ్లు లోపల పెడితే ఆ తల్లులకు దక్కిన న్యాయం ఏమిటి? దొరికినవాణ్ణి పట్టుకుంటే లెక్క సరిపోతుంది గాని కేసు తేలదు. ఖైదీ హక్కుల గురించి మాట్లాడడం అంటే నేరాన్ని వెనకేసుకు రావడం కాదు. నేరం చేసినవాడెవడో సరిగ్గా తేల్చమని అడగడం.

ఇక చట్టం ఏం చెబుతోందో చూద్దాం. మన పిల్లలకు ప్రాథమిక హక్కులు ఆరు అని బట్టీ పట్టిస్తాం. స్టేషన్ మెట్టు ఎక్కినప్పుడు పనికొచ్చే హక్కులు మాత్రం చెప్పం. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. తనకు నచ్చిన వకీలుతో మాట్లాడనివ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఇది 20వ అధికరణం. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా కనబడేలా పెట్టుకోవాలి. అరెస్టు మెమో రాయాలి. దాని మీద ఇంటివాళ్లు గాని ఊరిపెద్ద గాని సాక్షి సంతకం చేయాలి. ఎక్కడ ఉంచారో చుట్టాలకు తెలపాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. ఆడవాళ్లను పొద్దు గుంకిన తర్వాత, తెల్లవారక ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో చాలావాటికి అరెస్టే అక్కర్లేదు, నోటీసు ఇచ్చి పిలిస్తే చాలు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని లేదు. తెల్లకాగితం మీద వేలిముద్ర అసలే వేయకూడదు.

ఇన్ని ఉన్నా మన దగ్గరకు వచ్చేసరికి ఎందుకు పనిచేయడం లేదు? నాకు కనబడే కారణాలు భాష, జామీను, దూరం. ఈ మూడు చోట్లా మనవాడు ఆగిపోతున్నాడు.

ముందు భాష. 'రిమాండు' అన్న మాటను కువిలో ఏమని చెప్పాలి? కోయలో ఏమని చెప్పాలి? 'నేరం ఒప్పుకుంటున్నావా' అన్న ప్రశ్నకు అర్థం కాక తల ఊపితే ఆ ఊపుకు అర్థం ఏమని రాసుకుంటారు? నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో కోర్టులోనే చెప్పి వినిపించాలని నేర విచారణ చట్టంలో ఎప్పటినుంచో ఉంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కి, అరెస్టు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని చెప్పింది. కువి, కోయ, సవర, గోండి, కొలామీ, ఆదివాసీ ఒరియా కూడా భాషలే. మన కోర్టుల్లో ఆ భాషలు తెలిసిన దుబాసీలు ఎందరున్నారు? స్టేషన్లో పనిచేసే హోంగార్డే దుబాసీ అయితే, పట్టుకున్నవాళ్ల మనిషే పట్టుబడినవాడి నోరు అవుతాడు. అది న్యాయమా?

రెండోది జామీను. బెయిలు రావడం ఒక ఎత్తు, బయటకు రావడం ఇంకో ఎత్తు. కోర్టు ఇద్దరు జామీనుదార్లను తెమ్మంటుంది. పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో అడుగుతారు. మూడు తరాలుగా పోడు కొట్టుకుంటున్న భూమికి పట్టా లేదు. తాటాకు ఇంటికి పన్ను రసీదు లేదు. చెట్టూ పుట్టా ఎరిగిన మనిషికి కాగితం లేదు కాబట్టి పూచీ లేదు. భూమి మీద మనకు హక్కు ఇవ్వనివాళ్లే భూమి కాగితం తెస్తే వదులుతామంటున్నారు. 1978లోనే మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో ఇలాంటి పనే జరిగింది. పదివేల రూపాయల జామీను అడిగి, అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు కాదంది. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టారు. పేదవాడి బెయిలుకు డబ్బు గోడ కట్టవద్దన్నారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. బెయిలు వచ్చాక ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెల దాటినా జామీను దొరక్కపోతే షరతులు సడలించవచ్చేమో కోర్టే చూడవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని కూడా ఆ ఆదేశంలోనే ఉంది. అదే ఏడు కేంద్రం ఒక పథకం పెట్టింది. జామీను కట్టుకోలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు సాయం చేయవచ్చని 2023లో అందులో చెప్పారు. మన మండలంలో ఈ పథకం పేరు విన్నవాళ్లు ఎందరున్నారో ఒకసారి అడిగి చూడండి.

మూడోది దూరం. పాడేరు కొండల మీది మనిషిని విశాఖ కేంద్ర కారాగారంలో పెడతారు. ములాఖత్తుకు వెళ్లాలంటే ఆ ఇంటి ఆడమనిషి తెల్లవారుజామున ఊరి నుంచి నడిచి, రోడ్డెక్కి, రెండు బస్సులు మారి, ఆధార్ కార్డు మరిచిపోతే గేటు దగ్గర నుంచే తిరిగి రావాలి. రెండు రోజుల కూలి పోతుంది. 2021లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని కూల్చి ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు. ఖైదీలను వేరే జైళ్లకు పంపారు. ఆసుపత్రి మంచిదే. కానీ ములుగు, ఏటూరునాగారం అడవుల నుంచి వెళ్లే కోయ తల్లికి కొడుకు ఇంకెంత దూరమయ్యాడో ఎవరైనా కొలిచారా? చుట్టాలు రాని ఖైదీకి వకీలు కూడా రాడు. 60 రోజుల్లో, పెద్ద కేసులైతే 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. కానీ అది అడిగితేనే వస్తుంది. అడిగేవాడు లేక ఆ రోజు దాటిపోతుంది.

ఈ మూడూ ఒకేచోట కలిసి మన పిల్లల మెడకు చుట్టుకున్నది గంజాయి కేసుల్లో. సంత దగ్గర ఎవడో వస్తాడు. బ్యాగు ఫలానా ఊరిదాకా మోస్తే నెల కూలి ఒక్క రోజులో ఇస్తానంటాడు. మోసినవాడు దొరుకుతాడు, మోయించినవాడు ఫోను ఆపేస్తాడు. 20 కేజీలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష. అందులో చార్జిషీటు వేయడానికే 180 రోజులు. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణం ఉందని కోర్టుకు అనిపిస్తేనే బెయిలు. పెట్టుబడి పెట్టినవాడు మైదానంలో మేడ కడుతుంటాడు, బ్యాగు మోసినవాడు జైల్లో కూర్చుంటాడు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ బ్యాగు ముట్టుకోకండి. ఆ సంపాదనకు మీ ఇరవైల వయసంతా ధర. కానీ ముట్టుకున్నవాడి హక్కులు కూడా హక్కులే. వాడిని కొట్టకూడదు. వాడికీ వకీలు ఉండాలి. వాడి వెనక ఉన్నవాణ్ణి పట్టుకోమని అడగడం మన హక్కు.

ఇక్కడే మన ఉపాధ్యాయుల సంగతి వస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లవాణ్ణి లాకప్‌లో గాని జైల్లో గాని పెట్టకూడదు. బాల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్లాలి. వయసు తేల్చడానికి 2015 నాటి బాల న్యాయ చట్టం ముందుగా అడిగేది ఏమిటో తెలుసా? బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతేనే పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అంటే మన అడ్మిషన్ రిజిస్టరులోని ఒక గడి ఆ పిల్లవాడు పెద్దల జైలుకు పోవాలా వద్దా తేలుస్తుంది. ఆ గడి నింపేటప్పుడు తల్లిని కూర్చోబెట్టి ఏ పండగకు పుట్టాడు, ఏ పంట కోతకు పుట్టాడు, పక్కింటి ఎవరికన్నా పెద్దా చిన్నా అని అడిగి రాయాలి. అది గుమాస్తా పని కాదు. పిల్లవాణ్ణి కాపాడే పని.

ఇక లోపల ఏం జరుగుతుందన్న సంగతి. జైలుకు పంపడమే శిక్ష. లోపల పెట్టి మళ్లీ శిక్షించే హక్కు ఎవరికీ లేదు. 1979లో సునీల్ బాత్రా అనే ఖైదీ తోటి ఖైదీని హింసిస్తున్నారని ఉత్తరం రాస్తే సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుంది. జైలు గోడ దాటినంత మాత్రాన మనిషికి హక్కులు పోవని చెప్పింది. 1980లో బేడీలు వేయడం మామూలు పద్ధతి కాకూడదంది. 2024 అక్టోబరు 3న ఇంకో తీర్పు వచ్చింది. జైళ్లలో కులాన్ని బట్టి ఊడ్చే పని ఒకరికి, వంట పని ఒకరికి పంచే నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతుల వాళ్లను పుట్టుకను బట్టి అలవాటుపడిన నేరస్థులుగా చూడవద్దంది. స్వతంత్రం వచ్చిన 77 ఏళ్లకు!

తీర్పులు ఉన్నాయి. మనుషులు మాత్రం పోతూనే ఉన్నారు. జార్ఖండ్‌లో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసీ యువకుల గురించి పనిచేసిన స్టాన్ స్వామిని 2020లో అరెస్టు చేశారు. వణుకు రోగం వల్ల గ్లాసు పట్టుకోలేనని, తాగడానికి గొట్టమున్న కప్పు కావాలని ఆ ముసలాయన కోర్టును అడగాల్సి వచ్చింది. 84 ఏళ్ల వయసులో, బెయిలు తేలకముందే, 2021 జూలై 5న చనిపోయారు. ప్రొఫెసర్ సాయిబాబా పేరు తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆయనతో పాటు అదే కేసులో ఉన్న పాండు నరోటే పేరు ఎందరికి తెలుసు? గడ్చిరోలి అడవుల ఆదివాసీ యువకుడు. 2013లో అరెస్టయ్యాడు. నాగపూర్ జైల్లో ఉండగా జబ్బు చేసి 2022 ఆగస్టులో చనిపోయాడు. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆ కేసులో అందరినీ నిర్దోషులంది. అప్పటికి పాండు లేడు. చక్రాల కుర్చీలో పదేళ్లు నలిగిన సాయిబాబా ఆ అక్టోబరులో పోయారు. సాయిబాబా కోసం పత్రికలు రాశాయి, రాయాల్సిందే. పాండు కోసం రాయాల్సింది ఎవరు? మనం కాదా?

"మేం గవర్నమెంటు ఉద్యోగులం, మాకెందుకు?" అంటారు. దంతెవాడలో సోనీ సోరి కూడా బడిపంతులమ్మే. 2011లో అరెస్టయ్యారు. కస్టడీలో తనను హింసించారని చెప్పారు. సుప్రీంకోర్టు ఆదేశంతో కోల్‌కతా ఆసుపత్రిలో పరీక్షిస్తే ఆమె ఒంట్లోంచి రాళ్లు తీశారు. 2022లో ఆఖరి కేసులోనూ నిర్దోషి అయ్యారు. ఉద్యోగం మనల్ని కాపాడుతుందనుకోవడం భ్రమ. చట్టం తెలిసిన సమాజం ఉంటే కాపాడుతుంది. పైగా చట్టం చెప్పడం నేరమెప్పుడైంది? పారా లీగల్ వాలంటీర్లుగా తీసుకోదగినవాళ్ల జాబితాలో జాతీయ న్యాయ సేవాధికార సంస్థే ఉపాధ్యాయులను, రిటైరైన ఉపాధ్యాయులను చేర్చింది. సర్కారే రమ్మంటుంటే మనం వెనక్కి జరుగుతున్నాం.

మన ఊళ్లలో తప్పు చేసినవాడికి పెద్దలు తప్పు కట్టిస్తారు. అది తీరాక మళ్లీ పంక్తిలో కూర్చోబెట్టుకుంటారు. ఆ పద్ధతిలో లోపాలు లేవని నేననను. ఆడవాళ్ల మాట అక్కడా తక్కువే వింటారు. కానీ మనిషిని కలుపుకోకుండా తీర్పు పూర్తి కాదన్న తెలివి అందులో ఉంది. జైలు నుంచి నిర్దోషిగా వచ్చినవాణ్ణి కూడా కలుపుకోలేని చదువు మనకెందుకు?

అడగాల్సినవి అడుగుదాం. ఏజెన్సీలోని ప్రతి కోర్టులో ఆదివాసీ భాషల దుబాసీల జాబితా పెట్టాలి, వాళ్లకు జీతం ఇవ్వాలి. భూమి కాగితం లేని ఆదివాసీని సొంత పూచీకత్తు మీద వదలాలి. విచారణ ఖైదీల కేసులను సమీక్షించే కమిటీ ప్రతి జిల్లాలో ఉంది. అందులో ఐటీడీఏ పీవోకి చోటు ఇవ్వాలి, ఆదివాసీ ఖైదీల జాబితా ప్రతి మూడు నెలలకూ ఆయన ముందు పెట్టాలి. ఏళ్ల తరబడి లోపల పెట్టి నిర్దోషి అని వదిలినవాళ్లకు నష్టపరిహారం ఇచ్చే చట్టం కావాలి. 2018లో లా కమిషన్ 277వ నివేదికలో ఇదే సిఫారసు చేసింది. అది ఇంకా కాగితమే.

వాళ్లు చేసేదాకా మనం చేయగలిగినవి ఉన్నాయి. షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. ఆ నంబరు ప్రతి బడి గోడ మీద, అంగన్‌వాడీ గోడ మీద రాయండి. ఎవరినైనా తీసుకెళ్తే ఏ రోజు, ఏ గంటకు, ఏ బండిలో, ఎవరు తీసుకెళ్లారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. 24 గంటల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం జైల్లో గడిపితే విడుదల చేయాలని కొత్త నేర విచారణ చట్టం 479వ సెక్షన్ చెబుతోంది. చావు శిక్షో యావజ్జీవమో పడే కేసులకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. మీ ఊరివాడు ఎన్ని నెలల నుంచి లోపల ఉన్నాడో లెక్కపెట్టండి. లెక్క మనకు వచ్చిన విద్యే కదా.

ఈ పుస్తకం చదివాక ఒక పని చేయండి. మీ ఊళ్లో, మీ పక్క ఊళ్లో ఎవరెవరు జైల్లో ఉన్నారు, ఏ కేసు, ఎప్పటినుంచి, వకీలు ఉన్నాడా, బెయిలు వచ్చీ జామీను లేక ఆగిపోయారా, ఈ ఐదు సంగతులూ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. ఒంటరిగా వద్దు, నలుగురు కలిసి వెళ్లండి. వచ్చే దారిలో ఆ ఇళ్లకు కూడా వెళ్లండి. వాళ్ల పిల్లలను రేపటి నుంచి బడికి పంపమని చెప్పండి.